అంటు, పోగు, క్షయ: బాక్టీరియా పైలస్ ప్రోటీన్ల చరిత్ర – మదనపల్లె ప్రాంత అనుభవం

వ్యాససంగ్రహం

బాక్టీరియా ఒంటిమీది నుంచి పొడుచుకొని వచ్చే సన్నని ప్రోటీన్ పోగులను పైలస్‌లు అంటారు. సూక్ష్మజీవి ఆతిథేయ కణాన్ని పట్టుకోవడానికి, పక్కనున్న సూక్ష్మజీవులతో గుంపుకట్టడానికి ఇవి తోడ్పడతాయి. ఈ పోగుల నిర్మాణం గురించిన జ్ఞానం 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో రూపుదిద్దుకొంది. అదే శతాబ్దంలో మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం దక్షిణభారత క్షయచికిత్సకు ముఖ్యకేంద్రంగా నిలిచింది. ఈ రెండు చరిత్రలు చాలాకాలం ఒకదానికొకటి తెలియకుండా నడిచి, 2007లో క్షయ బాక్టీరియాకు కూడా పైలస్ ఉందని తేలినప్పుడు కలుసుకొన్నాయి. రోగం ఎలా 'అంటుతుంది' అన్న ప్రశ్నకు భాష, వైద్యం, అణుజీవశాస్త్రం వేర్వేరు కాలాలలో చెప్పిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంటువ్యాధి, పైలస్, పైలిన్, క్షయ, ఆరోగ్యవరం, మదనపల్లె, బి.సి.జి., ఎం.టి.పి.

1. ఉపోద్ఘాతం

బైరెడ్డిపల్లె నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లెకు ఒక దారి ఉంది. ఊళ్లో ఎవరికైనా దగ్గు నెలలు దాటి, ఒళ్లు కరిగిపోతూ ఉంటే, చేతిలో నాలుగు రూపాయలున్న కుటుంబం ఆ మనిషిని ఆ దారినే తీసుకుపోయేది. చేరవలసిన చోటు ఆరోగ్యవరం. పేరులో ఆరోగ్యమూ ఉంది, వరమూ ఉంది. మా అవ్వ మాత్రం ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. "ఆయప్పను ఆరోగ్యవరానికి తీసకపోయినారంట" అంటే ఊళ్లో దాని అర్థం వేరు.

మా చిన్నతాత అక్కడికి వెళ్లి నయమై తిరిగివచ్చాడు. తరువాత చాలా ఏళ్లు బతికాడు, సేద్యం చేశాడు. అయినా ఆయన సత్తుతట్ట, గ్లాసు ఆయన పోయేదాకా వేరుగానే ఉన్నాయి. వాటిని వేరేగా కడిగేవారు, వేరే గూట్లో బోర్లించేవారు. తోమే మనిషి చేతికి ఏది అంటుతుందని ఇంటివాళ్లు భయపడ్డారు? ఆ భయం ఎక్కడినుంచి వచ్చింది? నయమయ్యాక కూడా అది ఎందుకు పోలేదు? సాహిత్య విద్యార్థిని అయిన నేను సూక్ష్మజీవశాస్త్రపు గడప తొక్కడానికి ఈ ప్రశ్నలే కారణం.

సూక్ష్మజీవి మనిషిని ఏ భాగంతో పట్టుకొంటుంది అన్నది శాస్త్రంలో ఒక స్పష్టమైన ప్రశ్న. దానికి సమాధానంగా దొరికిన వాటిలో ముఖ్యమైనవి పైలస్ ప్రోటీన్లు. కాబట్టి ఈ వ్యాసంలో మొదట మాట చరిత్రను, తరువాత పోగు చరిత్రను, ఆ తరువాత మా ప్రాంతపు రోగ చరిత్రను తీసుకొంటాను.

2. 'అంటు' అనే మాట

తెలుగులో 'అంటు' క్రియకు తాకడం, అతుక్కోవడం అనే రెండర్థాలూ ఉన్నాయి. తలకు నూనె అంటుతారు, కాలికి బురద అంటుతుంది, గడ్డివామికి నిప్పు అంటుకొంటుంది. నామవాచకం అయ్యేసరికి దీని విస్తృతి ఇంకా ఆశ్చర్యం గొలుపుతుంది. తోటలో అది అంటుమామిడి, వంటింట్లో కడగవలసిన అంట్లు, వైద్యంలో అంటువ్యాధి, సంఘంలో అంటరానితనం. రెండు కొమ్మలు ఒకటిగా బతకడానికి పనికివచ్చే మాటే, ఇద్దరు మనుషులు ఒకచోట కూర్చోకుండా చేయడానికీ పనికివచ్చింది. మదనపల్లె కడప జిల్లాలో భాగంగా ఉన్న కాలంలో, కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన నిఘంటువులోనూ ఈ మాటకు తాకుట, అతుకుట అనే అర్థాలే ప్రధానంగా కనిపిస్తాయి.

బైరెడ్డిపల్లె కర్ణాటక సరిహద్దులో ఉంది, తమిళనాడూ దూరం కాదు. సంతలో మూడు భాషలూ వినిపిస్తాయి. కన్నడంలో 'అంటు' అంటే జిగురు, అక్కడ అంటురోగం అంటే జిగురులా పట్టుకొనే రోగం. తమిళంలో అంటువ్యాధికి వాడే 'తొట్రునోయ్'లోని మొదటిమాటకూ పట్టుకొని ఉండడం, ఒకరినుంచి ఒకరికి పాకడం అనే అర్థాలున్నాయి. ఇంగ్లీషు 'కంటేజియన్' లాటిన్‌లో తాకడం నుంచి పుట్టింది. 'ఇన్ఫెక్షన్' అనే మాటకు మూలం వేరు, అది రంగులో ముంచడం, మరక పడడం అనే అర్థంలోంచి వచ్చింది. తెలుగులో 'సోకు', 'తగులు', 'ముట్టు' కూడా ఇదే కుటుంబంలోనివి. గాలి సోకుతుంది, దెబ్బ తగులుతుంది, రోగం సోకుతుంది, తగులుతుంది. పాత నిఘంటువులలో 'సోకు'కు రాక్షసుడు అనే అర్థం ఉండడం గమనార్హం. రోగాన్ని ఒక ప్రాణి వచ్చి పట్టుకోవడంగా ఊహించిన దృష్టి అందులో మిగిలి ఉంది.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. మాటలో శాస్త్రాన్ని వెదికి, పూర్వులకు బాక్టీరియా తెలుసునని తేల్చడం మన పరిశోధనల్లో అప్పుడప్పుడు కనిపించే బలహీనత. 'అంటు' అనే మాట రోగం మనిషినుంచి మనిషికి పోతుందన్న అనుభవాన్ని మాత్రమే చెబుతుంది. ఏది అంటుతుంది, దేనికి అంటుతుంది, ఎంతకాలం అంటి ఉంటుంది అన్నవి ఆ మాటకు తెలియవు. తెలియనిచోట సంఘం తనకు తోచిన సమాధానం వేసుకొంది. అది కులానికీ మైలకూ వాడిన కొలతే.

క్షయ విషయంలో మరో చిక్కు ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన 'క్షయ', 'శోష' అనే పేర్లు రోగఫలితాన్ని, అంటే తరిగిపోవడాన్ని, ఎండిపోవడాన్ని చెబుతాయి. 'రాజయక్ష్మ' వెనుక పురాణకథ ఉంది. దక్షుడి 27 మంది కూతుళ్లలో రోహిణినే ప్రేమించినందుకు చంద్రుడికి క్షయరోగం కలగాలని మామ శపించాడు. కథ ప్రకారం క్షయ శాపఫలం, అంటు కాదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ క్షయకు కారణమైన బాక్టీరియాను ప్రకటించిన తరువాతే, క్షయ నిస్సందేహంగా అంటువ్యాధుల జాబితాలో చేరింది. శాపం పోయి అంటు వచ్చింది. రోగికి దీనివల్ల కలిగినది పూర్తిగా లాభమేనా అన్నది ఆలోచించవలసిన విషయం. శాపగ్రస్తుడిపట్ల జాలి ఉండవచ్చు, అంటు ఉన్నవాడిపట్ల మిగిలేది దూరమే.

3. పోగు కనిపించిన వైనం

బాక్టీరియా పొడవు సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు. కోఖ్ చూసిన సూక్ష్మదర్శినిలో అది ఒక చిన్న కడ్డీ. దానిమీది నూగు ఆ అద్దాలకు అందదు, ఎందుకంటే ఆ నూగు మందం కొన్ని నానోమీటర్లే. మైక్రాన్‌లో వెయ్యోవంతు ఒక నానోమీటరు. 1931లో జర్మనీలో క్నోల్, రుస్కా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నిర్మించాకే ఈ లోకం తెరుచుకొంది. 1949–50 నాటికి, ఈదడానికి వాడే కశాభాలకంటే సన్నగా, తిన్నగా ఉండే పోగులు కొన్ని బాక్టీరియాలమీద కనిపించాయి. 1955లో స్కాట్లండ్‌కు చెందిన డుగుయిడ్, ఆయన సహచరులు వీటికి 'ఫింబ్రియే' అని పేరు పెట్టారు. లాటిన్‌లో అది వస్త్రపు కుచ్చు. 1959లో అమెరికాకు చెందిన బ్రింటన్ 'పైలస్' అన్నాడు. లాటిన్‌లో అది వెంట్రుక. రెండు పేర్లూ నేటికీ చెలామణిలో ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాలు రెంటినీ తెలుగు లిపిలోకి దించుకొని ఊరుకొన్నాయి. 'కేశిక' అందామంటే అది రక్తకేశనాళికలతో కలిసిపోతుంది. ఆకుమీది, పెదవిమీది మెత్తని రోమాలకు మనం వాడే 'నూగు' మొత్తం రూపానికి సరిపోతుంది. ఒక్కొక్కదాని నిర్మాణాన్ని చెప్పేటప్పుడు నేతవాళ్ల 'పోగు' మరింత సరిపోతుంది. ఈ వ్యాసంలో పోగు అనే మాటను ఆ అర్థంలోనే వాడుతున్నాను.

కుచ్చు ఎందుకు? డుగుయిడ్ బృందం దృష్టి ఈ ప్రశ్నమీదే ఉంది. పోగులున్న ఇ. కోలైని ఎర్రరక్తకణాలతో కలిపితే కణాలు గుంపుగా అతుక్కొనేవి. ఆ మిశ్రమంలో మానోజ్ అనే చక్కెరను కలిపితే గుంపు విడిపోయేది. అంటే పోగు కొసన ఉన్నది కణంమీది చక్కెరను గుర్తుపట్టే చేయి. ఆ చేతికి ముందుగానే విడి చక్కెర అందిస్తే, కణాన్ని పట్టుకోవడానికి చోటు మిగలదు. రోగాన్ని చంపకుండా దాని పట్టు విడిపించవచ్చన్న ఆలోచనకు పునాది ఇక్కడే పడింది. మూత్రనాళపు అంటురోగాలకు మానోజ్‌లాంటి అణువులతో మందు చేయాలన్న నేటి ప్రయత్నాలు దాని కొనసాగింపే.

దాదాపు ఇదే కాలంలో ఇంకో పోగు కథ నడిచింది. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ ఇద్దరూ బాక్టీరియాలు ఒకదానినుంచి ఒకటి జన్యుపదార్థాన్ని అందుకొంటాయని చూపారు. ఆ మార్పిడికి ముందు రెండు కణాలను దగ్గరికి చేర్చేది ఎఫ్-పైలస్ అని తరువాత తెలిసింది. మందులకు లొంగని లక్షణం ఒక బాక్టీరియానుంచి మరొకదానికి పోయే దారుల్లో ఇదొకటి. అంటు అనే మాటకు తోటమాలి అర్థం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఇ. కోలైలోని మొదటిరకం పైలస్ నిర్మాణం బాగా తెలిసినది కాబట్టి దాని దగ్గర కొంత ఆగుతాను. ఈ పోగు సుమారు 7 నానోమీటర్ల మందంతో, వెయ్యికి పైగా ఫిమ్‌ఏ అనే ప్రోటీన్ ముక్కలు మరమెలికలాగా పేర్చుకోగా ఏర్పడుతుంది. చివర ఫిమ్‌ఎఫ్, ఫిమ్‌జి అనే ముక్కలతో సన్నని కొస ఉంటుంది. ఆ కొస అంచున ఒకే ఒక్క ఫిమ్‌హెచ్ ఉంటుంది. మానోజ్‌ను పట్టుకొనేది అదే. వెయ్యి ముక్కల శ్రమ అంతా ఆ ఒక్క చేతిని దూరానికి చాచడానికే.

ఈ ముక్కలు ఒకదానికొకటి ఎలా అతుక్కొంటాయన్నది 1999లో రెండు పరిశోధనపత్రాలతో తేలింది. ఒకటి మొదటిరకం పైలస్‌మీద, మరొకటి మూత్రపిండాల వాపుతో సంబంధమున్న పి-పైలస్‌మీద వచ్చాయి. సెయింట్ లూయిస్‌లోని స్కాట్ హల్ట్‌గ్రెన్ బృందం వీటికి కేంద్రం. పైలిన్ అనే ప్రతి ముక్కా తనంతట తాను అసంపూర్ణం. దాని మడతలో ఒక పట్టీ లోపించి, ఆచోట పొడవాటి గాడి తెరుచుకొని ఉంటుంది. అలాగే వదిలేస్తే ముక్క చెడిపోతుంది. కణంలోపలే ఒక రక్షకప్రోటీన్ వచ్చి తన పట్టీని తాత్కాలికంగా ఆ గాడిలో ఉంచుతుంది. ముక్కను బయటిపొరలోని ద్వారంవంటి మరో ప్రోటీన్ దగ్గరకు చేరుస్తుంది. అక్కడ పక్క ముక్కకు ఉన్న తోక, రక్షకుడి పట్టీని పక్కకు నెట్టి ఆ గాడిలో కూర్చుంటుంది. ఈ ముక్క గాడిలో పక్కముక్క తోక, ఆ పక్కముక్క గాడిలో మరోదాని తోక. చెక్కలకు గాడి తీసి ఒకదానిలో ఒకటి బిగించే వడ్రంగి పనిలాంటిది ఇది. జిగురు లేదు, మేకు లేదు. ఈ కూర్పుకు బయటినుంచి శక్తి కూడా అక్కరలేదు. తాత్కాలికమైన పట్టీకంటే పక్కముక్క తోక గాడిలో మెరుగ్గా కూర్చోవడమే పనిని ముందుకు నడుపుతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచినది 2002లో వెలువడిన ఒక ఫలితం. ద్రవం ప్రవహిస్తూ బాక్టీరియాను లాగుతున్నకొద్దీ ఫిమ్‌హెచ్ పట్టు సడలదు, గట్టిపడుతుంది. తెలుగులో దీనికి మాట ముందే ఉంది: ఉడుంపట్టు. మూత్రప్రవాహం కడిగివేయాలని చూసిన కొద్దీ చేయి బిగుసుకొంటుంది. పోగు మెలికలు స్ప్రింగులాగా విప్పుకొని లాగుడును భరిస్తాయి. ప్రవాహం ఆగినప్పుడు పట్టు వదులై బాక్టీరియా కొత్తచోటికి జరగగలదు. కడగడం అంటే శుభ్రపరచడమే అన్న మన నమ్మకం ఇక్కడ పనిచేయదు.

నాలుగోరకం పైలస్ పద్ధతి వేరు. ఇది చాచడమే కాక వెనక్కి లాక్కోవడం కూడా తెలిసిన పోగు. 1995లో గనేరియా బాక్టీరియా పైలిన్ త్రిమితీయ నిర్మాణం బయటపడింది. 2000లో ఆ పోగు నిజంగానే వెనక్కి ముడుచుకొని కణాన్ని ముందుకు లాగుతుందని ప్రయోగం చూపింది. కలరా బాక్టీరియా పేగులో నిలదొక్కుకోవడానికి కావలసిన పోగు ఈ కుటుంబంలోనిదేనని 1987లోనే తెలిసింది. ఆ పోగునే పట్టుకొని ఒక వైరస్ కలరా బాక్టీరియాలోకి ప్రవేశిస్తుందని, కలరా విషానికి సంబంధించిన జన్యువులను మోసుకొచ్చేది ఆ వైరసేనని 1996లో వాల్డర్, మెకాలనోస్ చూపారు. అంటుకోవడానికి చాచిన చేయినే మరొకరు పట్టుకొన్నారన్నమాట.

ఇవన్నీ గ్రామ్ నెగటివ్ బాక్టీరియాల కథలు. గ్రామ్ పాజిటివ్ వాటిలో పైలస్ ముక్కలను సోర్టేజ్ అనే ఎంజైము రసాయనబంధంతో శాశ్వతంగా కుట్టేస్తుందని 2003లో కంఠసర్పి బాక్టీరియామీద జరిగిన పరిశోధన తెలిపింది. కంఠసర్పి బాక్టీరియా, క్షయ బాక్టీరియా వర్గీకరణలో దగ్గరి బంధువులు. అయితే క్షయ బాక్టీరియామీద పోగు ఉందన్న ఊహ అప్పటికింకా పరిశోధకులలో బలంగా లేదు. దానిపై ఉన్న మందమైన మైనపు పొరే దాని ప్రత్యేకతగా అందరి దృష్టినీ ఆకర్షించింది.

4. ఆరోగ్యవరం

పోగుల గురించి ఎవరికీ తెలియని కాలంలో, 1912లో, వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర క్షయచికిత్సాలయాన్ని తలపెట్టాయి. 1915 నాటికి అది ఆరోగ్యవరంలో స్థిరపడింది. దాని పేరు యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం. డెన్మార్క్‌నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాని తొలి వైద్యాధికారి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండడం, పొడిగాలి, మరీ మండని ఎండ ఈ చోటును ఎన్నుకోవడానికి అనుకూలించాయి. అప్పటి వైద్యానికి క్షయను చంపే మందు లేదు. విశ్రాంతి, గాలి, తిండి, అవసరమైతే ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి దానికి కొన్నాళ్లు పని తగ్గించడం, ఇంతే. శానిటోరియం రోగికి విశ్రాంతినిచ్చేది. ఊరికి మాత్రం అది రోగిని దూరంగా ఉంచే చోటుగా అర్థమైంది.

మదనపల్లె పేరు వినగానే మనకు 1919లో ఇక్కడికి వచ్చిన టాగూరు, ఇక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గుర్తుకువస్తారు. కృష్ణమూర్తి తమ్ముడు నిత్యానంద 1925లో కాలిఫోర్నియాలో క్షయతోనే మరణించాడు. క్షయకు పేరుపొందిన ఊరి చుట్టూ ఎంత సాహిత్యచర్చ జరిగినా ఆరోగ్యవరం అందులో చోటు సంపాదించుకోకపోవడం మన సాహిత్యచరిత్ర రచనలోని వెలితిగా భావిస్తాను.

1940లో ఫ్రిమోట్-మోలర్, బార్టన్ ఇద్దరూ 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో ఒక పరిశోధనపత్రం ప్రకటించారు. అది వైద్యచరిత్రలో ప్రసిద్ధమే కానీ మన ప్రాంతంలో ఎవరూ తలవరు. క్షయ అని నమ్మదగిన దగ్గు, ఎక్స్‌రేలో నీడలు ఉండి, కఫంలో మాత్రం క్షయ బాక్టీరియా లేనివారిని వారు విడిగా గుర్తించారు. వీరి రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా ఉండేవి. దీనిని వారు క్షయను పోలిన మరో స్థితిగా వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి 'ట్రాపికల్ ఈసినోఫీలియా' అని పేరు పెట్టాడు. బోదకాలు కలిగించే జాతి పురుగుల పట్ల శరీరం చూపే తీవ్రప్రతిస్పందన దీనికి కారణమని తరువాతి దశాబ్దాలలో స్థిరపడింది. అది ఒకరినుంచి ఒకరికి దగ్గుతో అంటే రోగం కాదు. మన చరిత్రకు ఇందులో ముఖ్యమైనది ఇది: 1940కి ముందు ఇలాంటివారు క్షయరోగులుగా లెక్కకు వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంది. వారి ఒంట్లో క్షయ బాక్టీరియా లేదు. వారి తట్ట, గ్లాసు మాత్రం వేరయ్యాయి. అంటు ఉన్నదని తేల్చినది ఊరు, సూక్ష్మదర్శిని కాదు.

1944లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మధ్యలో, 1948 ఆగస్టులో, భారతదేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం మొదలైంది. దాని తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి. ఈ టీకా మూలం పశువుల క్షయ బాక్టీరియా. కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1908 నుంచి 1921 దాకా దానిని 230 సార్లు తిరగపెంచి బలహీనపరిచారు. పొట్టి ఆవుకు పేరుపొందిన పుంగనూరు పక్కనే ఈ టీకా పరీక్షకు రావడం యాదృచ్ఛికమే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ ఆధ్వర్యంలో సుదీర్ఘ సర్వే నడిచింది. ఇంటింటికీ వెళ్లి ట్యుబర్‌క్యులిన్ పరీక్ష, ఎక్స్‌రే చేసి, టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్లతరబడి పరిశీలించారు. ఆ ఫలితాలు 1960, 1964లలో ప్రపంచ ఆరోగ్యసంస్థ బులెటిన్‌లో వెలువడ్డాయి. మట్టిలో, నీటిలో ఉండే ఇతర మైకోబాక్టీరియాల స్పర్శ ఇక్కడి జనంలో విస్తారంగా ఉందన్నది ఆ పనిలో బయటపడిన ముఖ్యాంశం. బి.సి.జి. ఫలితం దేశదేశానికి ఎందుకు మారుతుందన్న చర్చలో, 1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరీక్షలో పెద్దల ఊపిరితిత్తుల క్షయనుంచి రక్షణ కనిపించకపోవడంతో, ఈ అంశం మరింత ముఖ్యమైంది. ప్రపంచ క్షయశాస్త్రానికి మా పల్లెలు ఇచ్చిన సమాచారం తెలుగులో ఎక్కడా పాఠం కాలేదు.

శానిటోరియం యుగాన్ని ముగించినది మద్రాసు. 1956లో అక్కడ మొదలైన క్షయ రసాయనచికిత్సా కేంద్రం ఇంట్లోనే మందు తీసుకొన్నవారినీ శానిటోరియంలో ఉంచినవారినీ పోల్చింది. 1959లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఇంటి చికిత్స దాదాపు అంతే బాగా పనిచేసింది. అంతకన్నా ముఖ్యంగా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబసభ్యులకు రోగం అదనంగా సోకలేదు. సోకవలసినది మందు మొదలవక ముందే సోకి ఉంటుంది, మందు పడ్డాక రోగి వల్ల ప్రమాదం త్వరగా తగ్గుతుంది. దాదాపు అదే కాలంలో అమెరికాలోని బాల్టిమోర్‌లో గినీపందులపై జరిగిన ప్రయోగాలు క్షయ వ్యాపించేది దగ్గు తుంపరల గాలి ద్వారానని చూపాయి. అంటే గ్లాసు వల్ల కాదు, తట్ట వల్ల కాదు. మా చిన్నతాత నయమై వచ్చేనాటికే ఈ రెండు సంగతులూ అచ్చులో ఉన్నాయి. అచ్చయినది ఇంగ్లీషులో.

5. క్షయ బాక్టీరియా పోగు

1998లో క్షయ బాక్టీరియా జన్యుపటం పూర్తిగా వెలువడింది. దాదాపు 4000 జన్యువులకు వరుససంఖ్యలు వేశారు. వాటిలో ఆర్‌వి3312ఏ అనే చిన్న జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్, క్షయ బాక్టీరియామీద సన్నని పోగులుగా అల్లుకొంటుందని 2007లో అమెరికాలో ఆల్టెరి, గిరోన్, ఫ్రీడ్‌మన్ తదితరులు ప్రకటించారు. దానికి ఎం.టి.పి. అని పేరు పెట్టారు. ఇ. కోలై పోగు మందం 7 నానోమీటర్లయితే ఇది 2–3 నానోమీటర్లే, పైగా విడివిడిగా నిలవక చిక్కుముడిగా కలిసిపోతుంది. ఇంతకాలం ఎవరి కంటా పడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇది లామినిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకొంటుంది. లామినిన్ మన కణజాలాల అడుగున పరిచిన పొరలోని భాగం. క్షయరోగుల రక్తంలో ఈ పోగుకు వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకాలు దొరకడంతో, రోగి ఒంట్లోనే బాక్టీరియా ఈ పోగును తయారుచేస్తుందని తేలింది.

ఈ పోగును రోగనిర్ధారణకు గుర్తుగా వాడవచ్చా అన్న దిశగా తరువాత ఎక్కువ పని చేసినవారిలో దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉన్నారు. అది డర్బన్‌లో ఉంది. 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవునుంచి ఒప్పందకూలీలుగా నేటాల్ చెరకుతోటలకు పోయినవారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావారు గణనీయంగా ఉన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు పలమనేరు తాలూకా ఉత్తర ఆర్కాటులోనిదే. ఈ సామీప్యాన్ని సంబంధంగా చెప్పను. కానీ దగ్గు, కూలి, వలస మూడూ కలిసి నడిచిన చరిత్రలో మన మనుషులు ఆ ఒడ్డునా ఉన్నారన్నది మరచిపోతే, ఈ శాస్త్రం ఎక్కడో పరదేశంలో జరిగినట్టు అనిపిస్తుంది.

ఎం.టి.పి. లామినిన్‌ను పట్టుకొంటుంది. ఇ. కోలై ఫిమ్‌హెచ్ మానోజ్‌ను పట్టుకొంటుంది. ప్రతి పోగుకూ తాను గుర్తుపట్టే అణువు ఉంటుంది. అది లేనిచోట ఆ చేయి నిలవదు. 'అంటు' అనే మాట అన్నిటికీ, అందరికీ వర్తించేటంత వెడల్పయినది. పైలస్ ప్రోటీన్ శాస్త్రం చేసినది ఆ వెడల్పును తగ్గించడం: ఈ కొస, ఈ చక్కెర, ఈ కణం. సత్తుగ్లాసు అంచున లామినిన్ ఉండదు.

శానిటోరియం కాలపు జ్ఞాపకాలను బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరు మండలాల్లో వయోవృద్ధులనుంచి సేకరించే పనిని ఇటీవలే మొదలుపెట్టాను. అడగవలసినవి: రోగాన్ని ఏ పేరుతో పిలిచారు, ఇంట్లో ఏయే వస్తువులు వేరుచేశారు, తిరిగివచ్చినవారికి పెళ్లి సంబంధాలు ఎలా కుదిరాయి. ఇప్పటివరకు మాట్లాడిన ముగ్గురిలో ఒక్కరూ 'క్షయ' అనలేదు, 'టీబీ' అనలేదు. ఇద్దరు 'ఆ దగ్గు' అన్నారు. మూడో ఆమె చేత్తో రొమ్ము చూపించి, మనవరాలిని లోపలికి పొమ్మని చెప్పి, అప్పుడు మాట్లాడింది.